గేదె మీద కొంగ: కెమెరాకు అందే వెలుగెంత?

పొలం గట్టు మీద కెమెరాతో నిలబడిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు తీసే ఫొటో ఇది. నల్లటి గేదె, దాని వీపు మీద తెల్లటి కొంగ. గేదె మేస్తూ కదిలినప్పుడల్లా గడ్డిలోంచి మిడతలు లేస్తాయి, కొంగ వాటిని పట్టుకు తింటుంది. కృష్ణా డెల్టాలోనైనా, మూసీ ఒడ్డునైనా, చెరువున్న ఏ ఊళ్లోనైనా కనబడే దృశ్యమే. అయినా ఈ ఫొటో సరిగ్గా రావడం కష్టం. కొంగ ఒంటి మీద ఈకల జాడ పోయి ఉత్త తెలుపు మిగులుతుంది. లేదంటే కొంగ బాగానే వచ్చి గేదె చీకట్లో కలిసిపోతుంది. దాంతో చాలామంది కెమెరా పాతబడిందనుకుని కొత్త మోడళ్ల ధరలు వాకబు చేయడం మొదలుపెడతారు. ఆ డబ్బు ఖర్చు పెట్టే ముందు తెలుసుకోవలసిన భౌతికశాస్త్రం కొంత ఉంది. కూడికలు, భాగహారాలు, ఒక వర్గమూలం వస్తే చాలు.

కెమెరా సెన్సర్ అంటే సిలికాన్ పలక. దాని నిండా కోట్ల కొద్దీ చిన్న గడులు, అవే పిక్సెళ్లు. కాంతి ఫోటాన్లనే విడివిడి కణాలుగా వచ్చి సిలికాన్‌లో పడుతుంది. అందులో చిక్కిన ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపు ఏ గడిలో ఎన్ని ఎలక్ట్రాన్లు పోగుపడ్డాయో కెమెరా లెక్కపెట్టి రాసుకుంటుంది. మనం చూసే ఫొటోకు మూలం ఆ అంకెల పట్టికే. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో 36 మిల్లీమీటర్ల వెడల్పున 6,000 గడులుంటాయి. అంటే ఒక్కో గడి వెడల్పు 6 మైక్రోమీటర్లు. అందులో కొన్ని పదివేల ఎలక్ట్రాన్లు పడతాయి. ధాన్యం కొలిచే కుంచం లాంటిదే ఈ గడి కూడా. నిండేవరకే లెక్క, నిండాక ఎంత పోసినా పక్కలకు జారిపోవడమే. కొంగ రెక్క పడిన గడులన్నీ అలా నిండిపోతే అన్నిటి అంకె ఒకటే అవుతుంది. ఒక ఈక ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలైందో చెప్పే తేడా ఉండదు. ఆ తేడాను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వెలికి తీయలేదు, ఎందుకంటే అది అసలు నమోదే కాలేదు.

మరి కెమెరా అంత వెలుగు ఎందుకు రానిచ్చింది? లోపలున్న మీటరు వల్ల. మామూలు దృశ్యం సగటున ఓ మోస్తరు బూడిద రంగులో ఉంటుందన్న లెక్క మీద ఆ మీటరు పనిచేస్తుంది. పడిన వెలుగులో 18 శాతం తిప్పి పంపే బూడిద రంగును ఫొటోగ్రాఫర్లు దశాబ్దాలుగా కొలతగా వాడుతున్నారు. ఫ్రేము నిండా గేదె ఉందనుకోండి. నలుపు కనబడగానే మీటరు వెలుగు చాలలేదనుకుని ఎక్స్‌పోజర్ పెంచుతుంది. గేదె బూడిద రంగుకు వస్తుంది, వీపు మీది కొంగ తెల్లబారిపోతుంది. అదే కొంగ దగ్గరగా, ఫ్రేము నిండా ఉంటే మీటరు ఇందుకు సరిగ్గా ఎదురు పని చేస్తుంది. వెలుగు ఎక్కువైందని తగ్గించి, కొంగను మురికి బూడిద రంగులోకి దింపుతుంది. అందుకే 'తెల్ల పిట్టకు మైనస్ పెట్టాలి' అని ఒకరు, 'ప్లస్ పెట్టాలి' అని ఇంకొకరు వాదించుకుంటారు. ఫ్రేమును ఏది ఎక్కువగా ఆక్రమించిందన్న దాన్ని బట్టి ఇద్దరి మాటా నిజమే.

ఈ గందరగోళం నుంచి బయటపడే దారి ఫిలిం రోజుల నుంచీ ఉంది. గేదె నల్లగా ఉన్నా, కొంగ తెల్లగా ఉన్నా రెండింటి మీదా పడే ఎండ ఒక్కటే. నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్ 16 పెట్టి, ఐఎస్ఓ ఎంత ఉంటే సెకనులో అన్నో వంతు షట్టర్ పెడితే ఎక్స్‌పోజర్ సరిపోతుంది. ఐఎస్ఓ 100 అయితే సెకనులో 100వ వంతు. దీన్నే ఎఫ్ 5.6కు మార్చుకుంటే 800వ వంతు అవుతుంది. తెల్ల ఈకల కోసం ఇంకో స్టాప్ తగ్గించుకోవచ్చు. స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడమో, సగమవడమో. మీటరు చూసే దృశ్యంతో ఈ లెక్కకు పనిలేదు కాబట్టి గేదె కదిలినా, కొంగ ఎగిరినా సెట్టింగు మార్చనక్కర్లేదు.

కొంగకు సరిపడా పెడితే గేదె నల్లబడదా? తెర మీద నల్లబడుతుంది, కానీ సెన్సర్ రాసుకున్న అంకెలను ఉన్నదున్నట్టు దాచే రా ఫైలులో మాత్రం దాని వివరం ఉంటుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటాయి. ఒకే ఎండలో ఉన్న తెల్ల ఈకకూ నల్ల తోలుకూ మధ్య వెలుగు తేడా ముప్పై రెట్లు అనుకున్నా మంచి సెన్సర్‌కు అది పెద్ద పని కాదు. ఈకలు తెల్లబారకుండా తీసి, గేదెను తర్వాత కంప్యూటర్లో కాస్త పైకి తేవచ్చు. ఇది తక్కువ ఐఎస్ఓ దగ్గర చక్కగా పనిచేస్తుంది. సూర్యోదయానికి ముందు, మసక వెలుతురులో ప్రయత్నిస్తే మాత్రం గేదె ఒంటి మీద ఇసుక చల్లినట్టు నాయిస్ కనబడుతుంది. అసలు కథంతా ఇక్కడే ఉంది.

ఆ నాయిస్‌లో ఎక్కువ భాగం కెమెరా తప్పు కాదు. ఫోటాన్లు సమాన దూరాల్లో వరస కట్టి రావు, ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. సగటున 100 ఫోటాన్లు రావలసిన చోట ఒక గడిలో 92 పడొచ్చు, పక్క గడిలో 109 పడొచ్చు. ఈ హెచ్చుతగ్గు సుమారుగా ఆ సంఖ్య వర్గమూలమంత ఉంటుంది. 100కు 10, అంటే పది శాతం. 10,000కు 100, అంటే ఒక్క శాతమే. వెలుగు పెరిగే కొద్దీ హెచ్చుతగ్గు కూడా పెరుగుతుంది, కానీ వెలుగుతో పోల్చినప్పుడు దాని వాటా తగ్గిపోతుంది. ప్రపంచంలో లోపమే లేని సెన్సర్‌ను తయారుచేసినా ఈ నాయిస్ ఉండి తీరుతుంది. అది కాంతి స్వభావంలోనే ఉంది.

దీన్ని మన ఫొటోకు పెట్టి చూద్దాం. ఐఎస్ఓ 100 దగ్గర కొంగ ఈక మీద ఒక్కో గడికి 50,000 ఎలక్ట్రాన్లు వచ్చాయనుకుందాం. గేదె తోలు ముప్పయ్యో వంతు వెలుగే పంపుతుంటే అక్కడ పోగయ్యేవి 1,700 దాకా. వాటి వర్గమూలం 41, హెచ్చుతగ్గు రెండున్నర శాతం లోపే. కంటికి ఆనదు. ఇప్పుడు వెలుగు చాలక ఐఎస్ఓ 6400కు వెళ్లాం. వెలుగు 64 రెట్లు తగ్గింది. కొంగకు 780 ఎలక్ట్రాన్లు, గేదెకు 26. ఇరవై ఆరుకు వర్గమూలం అయిదు. అంటే హెచ్చుతగ్గు దాదాపు ఇరవై శాతం. కొంగ ఫరవాలేదు, గేదె మాత్రం పాడైంది. ఐఎస్ఓ పెంచితే సెన్సర్ మీద వెలుగేమీ పెరగదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. వచ్చిన కాసిన్ని ఎలక్ట్రాన్ల సంకేతాన్ని పెద్దది చేసి చూపించడమే అది. ఈ మధ్య వస్తున్న కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు నాయిస్‌ను శుభ్రంగా తుడిచేస్తున్నాయి. అయితే అవి తెచ్చే వివరం అంతకుముందు చూసిన వేలాది బొమ్మల నుంచి వేసిన అంచనా. ఆ ఉదయం ఆ కొంగ నుంచి వచ్చిన వెలుగు కాదు. పిట్ట జాతిని గుర్తించడానికో, పరిశోధనకో ఫొటో తీసేవాళ్లు ఈ తేడాను పట్టించుకుని తీరాలి.

అయితే ఎక్కువ ఫోటాన్లు ఎలా పట్టాలి? కొత్త సెన్సర్ వల్ల వచ్చే లాభం ఎంతో ముందు చూద్దాం. 1969లో బెల్ లేబొరేటరీస్‌లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సెన్సర్‌ను రూపొందించారు, 2009లో దానికే భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. 1975లో కోడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరాలో 10,000 పిక్సెళ్లే. ఒక్క బొమ్మ క్యాసెట్టుకు ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 1990లలో ఎరిక్ ఫాసమ్ బృందం నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో సీమాస్ సెన్సర్‌కు పునాది వేసింది. ఆ తర్వాత తీగలన్నిటినీ సిలికాన్ వెనక్కి మార్చి వెలుగుకు దారి ఇచ్చిన సెన్సర్లు వచ్చాయి. ఇంత ప్రయాణం తర్వాత నేటి మంచి సెన్సర్ రంగు వడపోత దాటి తనను చేరిన ఫోటాన్లలో సగానికి పైగా ఎలక్ట్రాన్లుగా మారుస్తోంది. మిగిలినవన్నీ కూడా పట్టుకున్నా వెలుగు రెట్టింపు కూడా కాదు, ఒక స్టాప్ లోపే. కాబట్టి మోడల్ మారినప్పుడల్లా నాయిస్ సగానికి తగ్గుతుందని ఆశపడకూడదు. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల అసలు బలం వేరే ఉంది. పిట్ట కన్నును గుర్తుపట్టి ఫోకస్‌ను దాని మీదే నిలిపే శక్తి అది. ఎగిరే కొంగను తీసేవాళ్లకు నిజంగా గొప్ప సహాయం. ఇంకొకటి, సెన్సర్‌ను చదివే వేగం. పిక్సెళ్లను వరస తర్వాత వరసగా చదివితే ఆడుతున్న రెక్క ఫొటోలో వంగిపోతుంది. 2023 నవంబరులో సోనీ ప్రకటించిన ఏ9 త్రీ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అన్ని గడులనూ ఒకేసారి చదువుతుంది. కాకపోతే దాని మామూలు ఐఎస్ఓ 250 దగ్గర మొదలవుతుంది. వేగం కోసం ఇంకెక్కడో కొంత వదులుకోక తప్పలేదు.

సెన్సర్ పెద్దదైతే లాభమే. ఫుల్‌ఫ్రేమ్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ సుమారు 367. ఒకే దృశ్యం, ఒకే ఎఫ్ నంబరు, ఒకే షట్టర్ అయితే పెద్దదానికి రెండింతలకు పైగా వెలుగు అందుతుంది. ఫోన్లు ఈ లోటును వేరే దారిలో పూడ్చుకుంటాయి. నైట్ మోడ్‌లో వరసగా అనేక ఫ్రేములు తీసి కలుపుతాయి. తొమ్మిది కలిపితే నాయిస్ వాటా మూడో వంతుకు దిగుతుంది, అక్కడా అదే వర్గమూలం. గుడి గోపురానికి ఇది చక్కగా పనికొస్తుంది. కొంగ మాత్రం తొమ్మిది ఫ్రేములదాకా కదలకుండా ఉండదు.

కానీ దూరంగా ఉన్న పిట్ట విషయంలో అన్నిటికన్నా బరువైన లెక్క ఇంకొకటి ఉంది. కొంగ నుంచి వెలుగు అన్ని దిక్కులకూ చెదురుతుంది. అందులో మన వంతు ఎంతన్నది లెన్సు వెలుగు ద్వారం వైశాల్యం మీదా, కొంగకూ మనకూ ఉన్న దూరం మీదా ఆధారపడి ఉంటుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగిస్తే ఆ ద్వారం వ్యాసం వస్తుంది. 600 మిల్లీమీటర్ల ఎఫ్ 4 లెన్సుకు అది 150 మిల్లీమీటర్లు. అదే 600 దగ్గర ఎఫ్ 6.3 జూమ్‌కు 95. మొదటిది రెండున్నర రెట్ల వెలుగు పడుతుంది. అంత గాజు కావాలి కాబట్టే దాని బరువు, ధర మామూలువాళ్లకు అందనంత ఉంటాయి. ఇప్పుడు దూరం సంగతి చూడండి. 40 మీటర్ల దూరం 20కి తగ్గితే కొంగ నుంచి అందే ఫోటాన్లు నాలుగు రెట్లవుతాయి. లక్షలు పోసి కొన్న లెన్సు రెండున్నర రెట్లు ఇస్తే, ఇరవై మీటర్ల దగ్గరతనం నాలుగు రెట్లు ఇస్తోంది.

దగ్గరవడం వల్ల ఇంకో మేలూ ఉంది. మధ్యాహ్నం మడులూ, ఉప్పు నేలలూ వేడెక్కి పైన గాలి పొరలు పొరలుగా కదులుతుంది. వేడి గాలిలో, చల్ల గాలిలో కాంతి వంగే తీరు వేరు. అందుకే పులికాట్ సరస్సులో దూరంగా నిలబడిన ఫ్లెమింగోలు పదకొండు దాటాక ఎంత ఖరీదైన లెన్సులోనైనా అలలాడుతూ కనబడతాయి. లెన్సు పొడవు పెంచితే పిట్టతోపాటు ఆ అల కూడా పెద్దదవుతుంది. దీనికి మందు రెండే: పొద్దున్నే వెళ్లడం, మధ్యలో గాలి తక్కువగా ఉండేలా దగ్గర చేరడం. పొద్దుటి వాలు ఎండ గేదె పక్కలకూ పొట్ట కిందికీ చేరుతుంది. కొంగకూ గేదెకూ మధ్య వెలుగు తేడా అప్పుడు దానంతటదే తగ్గుతుంది.

దగ్గర చేరడమంటే తరుముకుంటూ పోవడం కాదు. పశువుల వెంట తిరిగే కొంగలకు మనుషులు అలవాటే. గేదెలు మేసుకుంటూ వచ్చే దారిని గమనించి ముందే వెళ్లి గట్టు కింద కూర్చుంటే అవే దగ్గరికి వస్తాయి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు గూళ్లు కట్టే కాలంలో మాత్రం ఈ సూత్రాన్ని మరిచిపోవాలి. తల్లి బెదిరి గూడు వదిలితే గుడ్లు ఎండకు, కాకులకు దొరికిపోతాయి. అక్కడ వాచ్ టవర్ మీద నుంచి వచ్చిన ఫొటోతోనే తృప్తిపడాలి, ఎంత దూరమైనా సరే.

మన తీరప్రాంతపు తేమలో లెన్సులకు బూజు పడుతుంది. అది గాజు పూతను తినేస్తే ఎంత తుడిచినా పోదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, తేమ 40–50 శాతం దగ్గర ఉండేలా చూసుకోండి. ఉన్న లెన్సును కాపాడుకోవడం కూడా వెలుగును కాపాడుకోవడమే.

కొత్త పరికరం కొనక తప్పదనిపిస్తే ముందు లెన్సుకే డబ్బు పెట్టండి, బాడీ తర్వాత. పెద్ద నగరాల్లో లెన్సులు అద్దెకిచ్చేవాళ్లున్నారు. కొనాలనుకున్నది రెండు రోజులు తెచ్చుకుని, మీ ఊరి చెరువు దగ్గర, మీరు రోజూ చూసే కొంగల మీదే వాడి చూశాక నిర్ణయించుకోండి.