మనసు జబ్బుకు మందుంది - కూలి గడపకు అది చేరాలి

ఎముక విరిగితే ఎవరూ సిగ్గుపడరు. నగరి పక్క పల్లెల్లో చెరుకు నరికే కూలి కాలుజారి కిందపడితే ఇంటివాళ్లు మారు ఆలోచించకుండా పుత్తూరుకు తీసుకుపోతారు, కట్టు కట్టించుకొస్తారు. ఒక్క కట్టుతో అయిపోదనీ, చెప్పిన రోజుకు మళ్లీ పోయి కట్టు మార్పించుకోవాలనీ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊళ్లో ఎవరడిగినా దాచుకోరు. అదే ఇంట్లో పద్దెనిమిదేళ్ల పిల్లోడు రాత్రిళ్లు నిద్రపోకుండా, తనలో తాను మాట్లాడుకుంటూ, "నన్ను చంపేదానికి వస్తా ఉండారు" అని మూల కూర్చుంటే మాత్రం అంతా గుట్టు.

"గాలి సోకింది" అని ఒకరంటారు. "పెండ్లి చేస్తే కుదురుకుంటాడ్లే" అని ఇంకొకరంటారు. ఆడపిల్ల అయితే దయ్యం పట్టిందంటారు. తాయెత్తులకు, మంత్రాలకు అప్పు తెచ్చిన దుడ్లు ఖర్చవుతాయి. పెండ్లి చేస్తే జబ్బు పోదు సరికదా, ఇంకో ఇంటి బిడ్డ బతుకు కూడా దాంట్లో చిక్కుకుంటుంది. ఈ ఆలస్యంలోనే జబ్బు ముదురుతుంది.

మనసు జబ్బు కూడా జబ్బే. దానికి వైద్యం ఉంది. ఆ వైద్యం రెక్కాడితేగాని డొక్కాడని జనానికి చివరిదాకా అందకపోవడమే అసలు సమస్య. మేము చెప్పదలచుకున్నది ఇదే.

ఎవరి జబ్బు ఇది?

ఇది ఉన్నోళ్ల జబ్బనీ, పట్నమోళ్ల జబ్బనీ అనుకొనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అది నిజం కాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. మన పొరుగున ఉన్న తమిళనాడు అందులో ఉంది. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారని ఆ సర్వేలో తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడంలేదు. మానసిక జబ్బుల్లో సగం 14 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే మన పిల్లోడు తొమ్మిదో తరగతి చదివే వయసుకే.

ఇంకో లెక్క కూడా చూడాలి. 2022లో దేశంలో వ్యవసాయం మీద బతికేవాళ్లు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రకటించింది. అందులో రైతులు 5,207 మంది. వ్యవసాయ కూలీలు 6,083 మంది. రైతు చనిపోతే కనీసం పత్రికల్లో వస్తుంది. కూలి చనిపోతే "కడుపునొప్పి తాళలేక" అని రాసి కాగితం మూసేస్తారు.

ఆత్మహత్యలన్నీ మానసిక జబ్బువల్లే జరుగుతున్నాయని మేము అనడంలేదు. అప్పు, సారాయి, పని లేకపోవడం, ఇంట్లో దెబ్బలు, కులం పేరుతో అవమానాలు మనిషిని కుంగదీస్తాయి. అట్లాగని అప్పులు తీరితే జబ్బులన్నీ పోతాయని అనడం కూడా సరికాదు. చక్కెర జబ్బులాగా కొన్ని జబ్బులు ఉన్నోడికీ లేనోడికీ వస్తాయి. తేడా ఎక్కడంటే, ఉన్నోడు నెలనెలా కారులో పోయి మందు తెచ్చుకుంటాడు. లేనోడు మూడో నెలలో ఆపేస్తాడు.

ఓపీ చీటీ, ఆస్పత్రి మంచం

మానసిక వైద్యం అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది కీల్పాక్. మద్రాసులో 1794లో పెట్టిన పిచ్చాసుపత్రి తర్వాత ఆ చోటికి వచ్చింది. ఆ పేరు తిట్టుగా మారిపోయింది. ఒకసారి లోపలికి పోతే మళ్లీ బయటికి రారని పెద్దలు చెప్పుకొనేవాళ్లు. ఆ భయం నేటికీ పోలేదు.

అయితే కాలం మారింది. 1950 తర్వాత మనసు జబ్బులకు పనిచేసే మందులు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువమందికి ఆస్పత్రిలో చేరాల్సిన పనే లేదు. ఓపీ చీటీ రాయించుకొని, డాక్టరుకు చూపించి, మందు తీసుకొని ఇంటికి వచ్చేయవచ్చు. దిగులు జబ్బుకు ఇచ్చే మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. "వారం మింగినా, ఏమీ గుణం లేదు" అని ఆపేస్తే మొదటికే మోసం. లేనిపోని మాటలు వినబడే పెద్ద జబ్బయితే నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి మందు వాడాలి. మధ్యలో మనిషి బాగుపడి పనికి పోతాడు. అప్పుడే "ఇంకెందుకు మాత్రలు" అనిపిస్తుంది. మందు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఆపాలా, తగ్గించాలా అన్నది డాక్టరును అడిగే చేయాలి. మాత్రలతోపాటు, కొందరికి మాత్రలు లేకుండానే, కూర్చోబెట్టి మాట్లాడి చేసే వైద్యం కూడా ఉంది. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

మరి మంచం ఎప్పుడు కావాలి? ప్రాణం తీసుకుంటానని ప్రయత్నం చేసినప్పుడు, తిండీ నీళ్లూ మానేసినప్పుడు, తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో ఉన్నప్పుడు చేర్చాలి. ఇంకోటి మనవాళ్లకు చాలామందికి తెలియదు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా తాగుడు ఆపేస్తే ఒళ్లు వణుకుతుంది, ఫిట్సు వస్తాయి, మతి తప్పుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. "మాల వేసుకొని మానేసినాడు" అని సంతోషించే ముందు అలాంటివాణ్ని ఆస్పత్రిలో చూపించాలి. ఇట్లా చేర్చుకొనేది సాధారణంగా కొన్ని రోజులు, కొన్ని వారాలే. జీవితాంతం కాదు.

నగరివాళ్లకు దగ్గరలో తిరుపతి రుయా ఆస్పత్రిలో ప్రభుత్వ మానసిక వైద్య విభాగం ఉంది. మన రాష్ట్రంలో పాత మానసిక వైద్యశాల ఉన్నది విశాఖపట్నంలో, అంటే రాష్ట్రం ఆ కొసన. 2014లో రాష్ట్రం విడిపోయాక ఎర్రగడ్డ తెలంగాణకు పోయింది. అందుకే చిత్తూరు వైపు జనం చాలాకాలంగా వేలూరు పోతున్నారు. అక్కడ సీఎంసీ ఆస్పత్రివారి మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది. రోగితోపాటు ఇంటివాళ్లు కూడా అక్కడే ఉండి వైద్యంలో పాలుపంచుకోవడం 1950ల నుంచి దాని పద్ధతి. అమృతసర్‌లో విద్యాసాగర్ అనే డాక్టరు కూడా ఆ రోజుల్లోనే రోగుల కుటుంబాలను ఆస్పత్రి ఆవరణలో డేరాల్లో ఉంచి వైద్యం చేశాడు. గొలుసులకంటే తల్లి చెయ్యి మేలని ఆ అనుభవాలు చూపించాయి. కాని ఆ తల్లి రోజుకూలి మనిషి అయితే, ఆమె అక్కడున్న మూడు వారాలూ ఇంట్లో పొయ్యి వెలిగేదెట్లా? ఈ ప్రశ్నకు జవాబు ఆస్పత్రిలో దొరకదు. ప్రభుత్వమే చెప్పాలి.

మాత్ర చవక, దారి ఖరీదు

ఒక లెక్క వేద్దాం. నగరి దగ్గరి పల్లెలో ఒక మరమగ్గం కార్మికుడికి జబ్బు. నెలకోసారి తిరుపతి పోవాలి. తోడు ఒకరు పోవాలి. ఇద్దరి కూలి రోజుకు తలా 400 రూపాయలనుకుంటే ఆ రోజు 800 రూపాయలు పోయినట్టే. చార్జీలకు, తిండికి 200 వేసుకుందాం. నెలకు వెయ్యి, ఏడాదికి 12,000 రూపాయలు. ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు ఉచితంగా ఇచ్చినా ఈ ఖర్చు తప్పదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు కాబట్టి తోడుపోయే తల్లికి, భార్యకు కొంత ఊరట. మగ రోగికి అదీ లేదు. పోయిన కూలి ఎవరూ ఇవ్వరు.

మూడో నెలకు మందు ఆగిపోయేది ఇందుకే. జబ్బు తిరగబెడితే "మీరు సరిగ్గా మందు వాడలేదు" అని కుటుంబం మీద తప్పు మోపుతారు. వైద్యం తెగిపోయేది మనిషి మొండితనం వల్లకాదు, దూరం వల్ల. చెప్పిన రోజుకు పుత్తూరు పోయి కట్టు మార్పించుకొనేవాడు తిరుపతికి పోలేకపోతున్నాడంటే కారణం దారిలోనే ఉంది.

దీనికి దారి లేకపోలేదు. మన సీమ పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో 1985 నుంచి నిమ్హాన్స్ ఒక పని చేసి చూపించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు మనసు జబ్బులు గుర్తించడం, మామూలు మందులు ఇవ్వడం నేర్పించారు. ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలు రోగులను గుర్తించి తెచ్చారు, మందు ఆపినవాళ్ల ఇళ్లకు పోయి కనుక్కున్నారు. చేతగాని కేసులను మాత్రమే పెద్ద డాక్టరుకు పంపారు. ఆ నమూనాతోనే 1996లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. మొదటి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అంటే ఎట్లా చేయాలో ఏలికలకు నలభై ఏళ్లుగా తెలుసు.

గుడికి పోండి, మాత్ర మానొద్దు

నగరి ప్రాంతంలో మనసు చెడినవాళ్లను శోలింగూరు తీసుకుపోవడం తరతరాలుగా ఉంది. కోనేట్లో స్నానం చేయించి, కొండమీది నరసింహస్వామికి, ఆంజనేయుడికి మొక్కిస్తారు. ఇంకొందరు దర్గాలకు పోతారు. వాళ్లను వెక్కిరించడం మన పని కాదు. దిక్కులేనివాడు దేవుణ్ని కాక ఎవర్ని తలుచుకుంటాడు? మేము చెప్పేది ఒక్కటే: మొక్కు మొక్కుకోండి, మాత్ర మాత్రం మానిపించొద్దు. గొలుసు వెయ్యొద్దు.

గొలుసు ఏం చేస్తుందో ఏర్వాడిలో చూశాం. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడి దర్గా దగ్గర, డబ్బు తీసుకొని రోగులను ఉంచుకొనే ఒక పాకలో 2001 ఆగస్టు 6న నిప్పంటుకొని 28 మంది చనిపోయారు. కట్టేసి ఉన్నందున వాళ్లు పరుగెత్తలేకపోయారు.

చట్టం ఏమంటున్నది?

2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమల్లో ఉంది. కార్యకర్తలు ఈ సంగతులు గుర్తుపెట్టుకోవాలి.

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో వైద్యం ఉచితం. కనీస సేవలు జిల్లాలో ప్రభుత్వం ఏర్పాటు చేయకపోతే, ఆ జిల్లాలోనే వేరేచోట చేయించుకొన్న వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదు. మత్తు ఇవ్వకుండా కరెంటు వైద్యం చేయకూడదు. పిల్లలకయితే ఆ వైద్యం చేయడానికి తల్లిదండ్రుల సమ్మతి, సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి రెండూ ఉండాలి.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకుంటే పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. తల్లో తండ్రో, వాళ్లు పెట్టిన మనిషో వెంట ఉండాలి. ఆడపిల్లకు తోడు ఆడమనిషే ఉండాలి. చేర్చుకొన్న సంగతి 72 గంటల్లో బోర్డుకు తెలపాలి.

ఆత్మహత్యాయత్నం చేసినవాణ్ని నేరస్తుడిగా శిక్షించకూడదు. తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి వైద్యం, ఆసరా ఇవ్వాలి. కాబట్టి మందు తాగిన మనిషిని "పోలీసు కేసవుతుంది" అని ఇంట్లో దాచొద్దు.

దీర్ఘకాలపు మానసిక జబ్బు వైకల్యం కిందికి వస్తుంది. సదరం శిబిరంలో 40 శాతం, ఆపైన ధ్రువపత్రం వస్తే పింఛనుకు అర్హత ఉంటుంది. 2024లో ఆ పింఛను నెలకు 6,000 రూపాయలకు పెరిగింది.

మనం అడగాల్సింది, చేయాల్సింది

కాగితం మీద ఉన్న హక్కు కాళ్లు తెచ్చుకొని మన ఇంటికి రాదు. నగరి ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒక రోజైనా మానసిక వైద్యుడి ఓపీ జరగాలి, ఆ రోజు ఏదో ఊరూరా చాటాలి. తిరుపతిలో మొదలుపెట్టిన మందును నెలనెలా దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే ఇవ్వాలి. రోగి వెంట ఉండే కూలి మనిషికి తిండి, రోజు భత్యం ఇవ్వాలి. హైస్కూళ్లలో, హాస్టళ్లలో పిల్లల గోడు వినడానికి మనిషి ఉండాలి.

అడుగుతూనే మనం చేయగలిగినవి ఉన్నాయి. మీ వాడలో మందు ఆపేసినవాళ్లు ఎవరో కనుక్కోండి. మొదటిసారి ఆస్పత్రికి పోయేవాళ్లకు తోడు పోండి, చీటీలు జాగ్రత్త చేయించండి. "పిచ్చోడు" అని పిలిచేవాళ్లను అక్కడే ఆపండి. బాగుపడినవాడికి పని ఇవ్వనన్న మేస్త్రీని నిలదీయండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో చేతికందేచోట పెట్టొద్దని చెప్పండి. ఎవరైనా చచ్చిపోతానంటే "ఊరికే అంటాడ్లే" అనుకోవద్దు. వాళ్లను ఒంటరిగా వదలొద్దు. 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అది. రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

సంఘం సమావేశాల్లో కూలిరేట్లు, ఇళ్లస్థలాలు, రేషన్‌కార్డుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఈసారి కూర్చున్నప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేసుకుందాం: మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో తలుపులు మూసుకొని ఉన్నాయి? ఆ లెక్క చేతికి వస్తే, మహజరు రాసుకొని ఆస్పత్రి సూపరింటెండెంటు దగ్గరికి పోవచ్చు.