తొలి అడుగుకు కావలసిన ధైర్యం

పాదయాత్ర అనే మాట మన రాజకీయాలలో చౌకబారిపోయి చాలా కాలమయింది. ఎన్నికలు దగ్గరపడగానే నాయకులకు నడక జ్ఞాపకం వస్తుంది. అటువంటి యాత్రలలో నడిచే కాళ్ళకంటె వెంట తిరిగే చక్రాలే ఎక్కువ. ఈ పరిస్థితిలో 1983లో జనతా పార్టీ అధ్యక్షుడు చంద్రశేఖర్ సాగించిన భారత యాత్రను స్మరించుకోవడం అసందర్భం కాబోదు.

ఆ ఏడు జనవరి 6న ఆయన కన్యాకుమారిలో బయలుదేరి, జూన్ 25న ఢిల్లీలోని రాజఘాట్ చేరుకున్నారు. దూరం సుమారు 4,260 కిలోమీటర్లు. పట్టిన కాలం 171 రోజులు. అంటే సగటున రోజుకు 25 కిలోమీటర్లు. 1930లో గాంధీజీ దండికి నడిచినది 24 రోజులలో సుమారు 385 కిలోమీటర్లు. ఈ పోలిక ఒకరిని పెంచి మరొకరిని తగ్గించడానికి కాదు. 55 ఏళ్ళ వయస్సులో ఒక నాయకుడు తలకెత్తుకున్న భారమెంతటిదో పాఠకులు ఊహించుకోవడానికి మాత్రమే.

అప్పటికి ఆయన వెనుక ఉన్న బలమెంత? 1977లో అధికారానికి వచ్చిన జనతా పార్టీ మూడేళ్ళయినా నిండకుండానే చీలిపోయింది. 1980 లోక్‌సభ ఎన్నికలలో దానికి దక్కినవి 31 స్థానాలు. ఆ ఏప్రిల్‌లోనే పూర్వపు జనసంఘ్ వర్గం వేరుపడి భారతీయ జనతా పార్టీని స్థాపించుకున్నది. అటువంటి పార్టీకి అధ్యక్షుడైనవాడు రాజధానిలో కూర్చుని ప్రకటనలు జారీ చేస్తూ కాలక్షేపం చేయవచ్చు. ప్రకటనలవల్ల కాళ్ళు బొబ్బలెక్కవు.

యాత్ర ఆరంభానికి ముందురోజే ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ జరిగింది. చైతన్యరథంపై రాష్ట్రమంతటా తిరిగిన ఎన్.టి. రామారావు జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రథానికి గమ్యం ఎదుటనే కనిపించింది. పాదచారికి అటువంటి గమ్యం లేదు. లోక్‌సభ ఎన్నికలు ఇంకా రెండేళ్ళ దూరాన ఉన్నాయి. తాగునీరు, పౌష్టికాహారం, ప్రాథమిక విద్య, ఆరోగ్యం, సామాజిక సామరస్యం, ఈ ఐదింటిని గురించి ఊరూరా చెప్పుకుంటూ పోవడమే ఆయన పని. ఇవేవీ రాత్రికి రాత్రి ఓట్లు రాల్చేవి కావు.

నాలుగు వేల కిలోమీటర్లకు సరిపడే ధైర్యాన్ని ఎవరూ ముందుగానే మూటకట్టుకొని బయలుదేరలేరు. ఏ పూటకు కావలసినది ఆ పూటకు కూడగట్టుకోవలసిందే. మే, జూన్ నెలల ఉత్తరాది ఎండలో అది మరీ కష్టం. కాని రాజకీయవాదికి ఎండదెబ్బకంటె భయంకరమైనది అపహాస్యం. నలుగురి ఎదుట ప్రకటించి బయలుదేరినవాడు మధ్యదారిలో కూలబడితే జీవితాంతం నవ్వులపాలవుతాడు. ఆ ప్రమాదానికి సిద్ధపడి తొలి అడుగు వేయడమే అసలు సాహసం.

ఫలితం మాటేమిటి? ఆయన రాజఘాట్ చేరిన రోజునే కపిల్‌దేవ్ జట్టు లార్డ్స్ మైదానంలో ప్రపంచ కప్ గెలిచింది. ఇందిరాగాంధీ హత్యానంతరం 1984 చివర జరిగిన ఎన్నికలలో చంద్రశేఖర్ తన బలియా స్థానాన్నే పోగొట్టుకున్నారు. జనతాకు దేశం మొత్తంమీద 10 స్థానాలు వస్తే, తెలుగుదేశానికి 30 వచ్చాయి. 1990 నవంబరులో ఆయనకు లభించిన ప్రధాని పదవి కాంగ్రెస్ మద్దతుతో వచ్చినదే తప్ప నడకతో వచ్చినది కాదు. అదీ కొద్ది నెలల ముచ్చటే అయింది.

2003 వేసవిలో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరుసటి ఏడే ముఖ్యమంత్రి అయ్యారు. 2022లో రాహుల్‌గాంధీ కూడా కన్యాకుమారిలోనే బయలుదేరి, 2023 జనవరిలో శ్రీనగర్ చేరారు. వీరి శ్రమ తక్కువదేమీ కాదు. ఎండ ఎవరినీ మినహాయించదు. అయితే నడక అధికారానికి దారి తీయగలదని 2003 తరువాత నడిచినవారందరికీ తెలుసు. 1983లో నడిచిన పార్టీ నాయకునికి ఆ భరోసా లేదు.

ఇకమీదట ఏ నాయకుడైనా పాదయాత్ర ప్రకటించినప్పుడు ప్రజలు ఒక ప్రశ్న అడగవచ్చు: కనుచూపుమేరలో ఎన్నికలు లేకపోయినా మీరు నడిచేవారేనా? చంద్రశేఖర్ రాజకీయాలతో ఎవరెంత విభేదించినా, ఆ ప్రశ్నకు ఆయన 171 రోజులపాటు సమాధానం చెప్పారు.