పూత నిండుగా, గుత్తి వెలితిగా: పికోలిట్ ద్రాక్ష కథ

ఇటలీ ఈశాన్య మూలన, స్లొవేనియా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఫ్రియూలి కొండల్లో పికోలిట్ అనే తెల్లద్రాక్ష రకం పండుతుంది. తీగ నిండా పూత వస్తుంది. కానీ కోత నాటికి ఒక్కో గుత్తిలో చాలాసార్లు 30 పండ్లు కూడా మిగలవు. దీనికి కారణం తెగులు కాదు, ఎరువుల కొరత కాదు. కారణం పువ్వులోనే ఉంది.

అడవి ద్రాక్షలో ఆడ తీగలు, మగ తీగలు వేరువేరుగా ఉంటాయి. సాగు మొదలయ్యాక మనిషి ఒకే పువ్వులో రెండు భాగాలూ పనిచేసే ద్విలింగ తీగలను ఎంచుకుంటూ వచ్చాడు. అవి తమ పుప్పొడితోనే కాయ కడతాయి. ఈ లక్షణాన్ని నిర్ణయించే జన్యుభాగం ద్రాక్ష 2వ క్రోమోజోమ్‌పై ఉంది.

పికోలిట్ పువ్వు చూపుకు ద్విలింగం, పనికి మాత్రం ఆడది. కేసరాలు ఉన్నా అవి కిందికి వంగి ఉంటాయి, వాటి పుప్పొడి వంధ్యం. మామూలుగా పుప్పొడి రేణువు గోడపై ఉండే గాళ్ల నుంచి సన్నని నాళం మొలిచి అండాన్ని చేరుతుంది. ఇలాంటి ఆడ ద్రాక్షపూల పుప్పొడిలో ఆ గాళ్లు ఏర్పడవు. అందుకే అది మొలకెత్తదు.

అండాశయం ఆరోగ్యంగానే ఉంటుంది కాబట్టి వేరే రకం పుప్పొడి అందితే పిందె కడుతుంది. అందుకే తోటలో ఇతర రకాలు దగ్గరగా ఉండాలి. పూత సమయంలో వానలు పడితే ఆ పుప్పొడీ అందక పూలు రాలిపోతాయి. ద్రాక్షను విత్తనంతో కాక కొమ్మ ముక్కలతో పెంచుతారు. కాబట్టి రుచితోపాటు ఈ లోపం కూడా ప్రతి కొత్త తీగకూ యథాతథంగా వస్తుంది.

అయినా రైతులు దీన్ని ఎందుకు వదులుకోలేదు? తీగ తయారుచేసే చక్కెర కొద్ది పండ్లకే చేరడంతో అవి మరింత తియ్యబడతాయి. కోశాక కొన్నాళ్లు ఆరబెడితే నీరు ఆవిరై చక్కెర ఇంకా చిక్కబడుతుంది. పులియబెట్టినప్పుడు ఈస్టు ఆ చక్కెరనంతా ఆల్కహాలుగా మార్చలేదు. మిగిలినది వైన్‌కు తీపినిస్తుంది.

18వ శతాబ్దంలో ఫాబియో అస్క్వినీ అనే జమీందారు ఈ వైన్‌ను మురానో గాజు సీసాల్లో నింపి ఐరోపా రాజాస్థానాలకు పంపేవాడు. 2006లో దీనికి ఇటలీ వైన్ వర్గీకరణలో అత్యున్నతమైన డీఓసీజీ హోదా దక్కింది. ధర ఎక్కువే, కానీ పూత వేళ వాన పడితే ఆ ఏటి దిగుబడి పడిపోయే ముప్పు మాత్రం రైతుకు తప్పలేదు.