రొట్టెముక్కయు అప్పుకాగితమును

ఆకలి నేరమా? ఫ్రెంచి మహారచయిత విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన ‘లే మిజరాబ్ల్’ నవల లోకమునకు వేసిన ప్రశ్న యిదియే. 1925లో హెన్రీ ఫెస్కూర్ దర్శకత్వమున ఆ నవల నాలుగు భాగముల మూగచిత్రమై వెలువడెను. సుమారు ఆఱు గంటలసేపు నడచు ఆ చిత్రమున గాబ్రియేల్ గాబ్రియో కథానాయకుడగు జాన్ వాల్జాన్ పాత్రను ధరించెను. నటులకు మాట లేదు. అయినను దైన్యమునకు భాషతో పనియేమి?

అక్క బిడ్డల ఆకలి చూడలేక వాల్జాన్ ఒక రొట్టె దొంగిలించెను. అందులకు ఐదేండ్ల శిక్ష. పారిపోవ యత్నించినందులకు మఱికొంత. వెరసి 19 ఏండ్ల చెఱ. విడుదలయిన పిమ్మటను నేరస్థుడని చాటు పసుపుపచ్చని చీటి యతనిని వీడలేదు. ఆశ్రయమిచ్చిన మతాచార్యుని వెండిపాత్రల నపహరించి పట్టుబడగా, ఆ వృద్ధుడు తానే యిచ్చితినని భటులతో పలికి, వెండి దీపస్తంభములను గూడ నొసగెను. ఆ వెండి బీదలదే యనియు, ఇంతకాలము తానే యన్యాయముగా నుంచుకొంటిననియు నాతని తలంపు.

ఈ కథ తెలుగువారికి క్రొత్త కాదు. 1950లో కోయంబత్తూరి పక్షిరాజా సంస్థ కె. రాంనాథ్ దర్శకత్వమున దీనిని తమిళమునను తెలుగునను నిర్మించెను. చిత్తూరు నాగయ్యగారు నాయకుడుగా నటించిన ఆ తెలుగు చిత్రము పేరు ‘బీదలపాట్లు’.

ఆ పాట్లను చూచుటకు చిత్రశాలకే పోనక్కఱలేదు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలు 2016లో ప్రత్యేక జిల్లాలగువఱకు పాలమూరు జిల్లాలోనివే. కృష్ణాతుంగభద్రలు ప్రక్కనే పాఱుచుండగా, అచ్చటి రైతుకూలీలు గుంపుమేస్త్రీ యిచ్చిన ముందుపైకమునకు కట్టుబడి, ఆలుబిడ్డలతో దూరప్రాంతములకు పోయి ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. ‘పాలమూరు కూలీ’ యను పేరట్లు వచ్చినది. ఊర నిలిచినవారిలో నెందఱో అప్పుక్రింద ఏండ్లకొలది జీతగాండ్రయి యుండిరి. వాల్జాన్‌ను వెన్నాడిన చీటికిని, వీరిని కట్టివేసిన అప్పుకాగితమునకును భేదమేమి?

1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి అప్పులన్నియు రద్దయినవని శాసించినది. కావున ఆ కాగితమును చించుట దానము కాదు, అది ధర్మము. చిత్రము చూచి కన్నీరు విడుచుట సులభము. భూవసతి గల మన పాఠకులను మేము కోరునది అంతకంటె నెక్కుడు: మీ పెట్టెలలో నట్టి పాతకాగితము మిగిలియున్నచో, కూలివాని యెదుటనే దానిని చించివేయుడు. చేసిన పనికి న్యాయమైన కూలి చేతిలో పెట్టుడు. మతాచార్యుడు చేసినదియు నింతియే: తనది కానిదానిని తనదనలేదు.