గ్రాంటు దరఖాస్తుల నిర్వహణ

గ్రాంటు దరఖాస్తుల నిర్వహణ అనగా ఒక సంస్థ ఆర్థిక సహాయం కోరుతూ తాను పెట్టుకున్న దరఖాస్తులను, వాటి గడువులను, పత్రాలను, మంజూరైన సొమ్ముతో పాటు వచ్చే బాధ్యతలను క్రమపద్ధతిలో నడుపుకోవడం. నిర్ణీత ప్రయోజనం కోసం, తిరిగి చెల్లించనక్కర లేకుండా ఇచ్చే సహాయాన్ని గ్రాంటు అంటారు. స్వచ్ఛంద సంస్థలు, విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు ప్రభుత్వం నుండి, కంపెనీల నుండి, దేశవిదేశాల ధర్మనిధుల నుండి గ్రాంట్లు పొందుతాయి. ఈ పనికి ఇప్పుడు అంతర్జాలంలో నడిచే సాఫ్టువేరును వాడుతున్నారు.

ఇటువంటి సాఫ్టువేరు రెండు రకాలు. మొదటిది దాతలు దరఖాస్తులు స్వీకరించి పరిశీలించడానికి వాడేది. రెండవది దరఖాస్తు చేసే సంస్థ తన సొంత లెక్క కోసం వాడుకునేది. ఈ వ్యాసం రెండవ రకానికి సంబంధించినది.

నేపథ్యం

దరఖాస్తులను కాగితంపై పంపే కాలంలో ఒక్కొక్క గ్రాంటుకు ఒక్కొక్క దస్త్రం ఉండేది. గడువులు గోడ క్యాలెండరు మీదనో, కార్యదర్శి జ్ఞాపకంలోనో ఉండేవి. తరువాత దాతలే అంతర్జాలానికి మారారు. అమెరికా సమాఖ్య ప్రభుత్వం వివిధ శాఖల గ్రాంట్లను ఒకే చోట చూపే గ్రాంట్స్.గవ్ అనే వెబ్‌సైటును 2003లో ప్రారంభించింది. భారతదేశంలో నీతి ఆయోగ్ నిర్వహించే ఎన్జీఓ దర్పణ్ స్వచ్ఛంద సంస్థలకు విశిష్ట గుర్తింపు సంఖ్యను ఇస్తుంది. కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ ఇ-అనుదాన్ ద్వారా దరఖాస్తులు స్వీకరిస్తుంది. ప్రతి దాతకు వేరు వెబ్‌సైటు, వేరు నమూనా ఉండడం వల్ల, అన్నిటినీ ఒకచోట చూపే సొంత పట్టిక సంస్థలకు అవసరమైంది.

దశలు

ఒక గ్రాంటు సాధారణంగా ఈ క్రింది దశలలో నడుస్తుంది.

1. అన్వేషణ: సంస్థ ఆశయాలకు సరిపడే పథకాలను గుర్తించడం.
2. అర్హత పరిశీలన: సంస్థ వయస్సు, నమోదు, పనిచేసే ప్రాంతం దాత షరతులకు సరిపోతాయో లేదో చూడడం.
3. రచన: ప్రతిపాదన, బడ్జెటు తయారుచేసి సంస్థలోనే మరొకరి చేత సరిచూపించడం.
4. సమర్పణ: దరఖాస్తు పంపి, రసీదు సంఖ్యను భద్రపరచడం.
5. ఒప్పందం: మంజూరైతే షరతులను, వాయిదాలను నమోదు చేయడం.
6. నివేదన: పని పురోగతిని, ఖర్చు లెక్కలను దాతకు తెలపడం.
7. ముగింపు: మిగిలిన సొమ్మును, ఆస్తులను ఒప్పందం ప్రకారం పరిష్కరించి లెక్క మూయడం.

మొదటి నాలుగు దశలు కొన్ని వారాలలో ముగియవచ్చు. చివరి మూడింటికి సంవత్సరాలు పట్టవచ్చు. దరఖాస్తులో రాసిన ప్రతి మాటా మంజూరు తరువాత నెరవేర్చవలసిన హామీ అవుతుంది. అందువల్ల దరఖాస్తు పంపిన రోజుతో లెక్క మూసివేసే పద్ధతి అసంపూర్ణమైనది.

పనిచేసే విధానం

సాఫ్టువేరులో దాత, పథకం, దరఖాస్తు, పని, పత్రం అనేవి వేర్వేరు పట్టికలుగా ఉండి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒక దాత పేరు తెరిస్తే ఆ దాతకు గతంలో పంపినవి, తిరస్కరణకు చెప్పిన కారణాలు, ఇంకా ఇవ్వవలసిన నివేదికలు కనిపిస్తాయి. నమోదు పత్రం, పాన్ కార్డు, ఆడిటు చేసిన లెక్కలు, పాలకవర్గ సభ్యుల జాబితా వంటివి ఒకసారి దాచుకుంటే ప్రతి దరఖాస్తుకూ తిరిగి వెతకనక్కర లేదు.

గడువును దాత దేశపు కాలమానంతో నమోదు చేయాలి. న్యూయార్క్ కాలం ప్రకారం జనవరి 15 రాత్రి 11:59 అనగా భారతదేశంలో జనవరి 16 ఉదయం 10:29. వేసవిలో అమెరికా గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి కనుక అదే గడువు ఇక్కడ ఉదయం 9:29 అవుతుంది.

రాబడి అంచనాకు కూడా ఈ పట్టిక ఉపయోగపడుతుంది. 10 లక్షల రూపాయల దరఖాస్తు మంజూరయ్యే అవకాశం 30 శాతం అనుకుంటే, అంచనాలో దానిని 3 లక్షలుగా లెక్కిస్తారు. ఇది అనేక దరఖాస్తుల మొత్తానికి పనికివచ్చే లెక్క మాత్రమే. ఒక్క దరఖాస్తును నమ్ముకుని 3 లక్షలు ఖర్చు పెట్టరాదు.

ఒకే ఖర్చును ఇద్దరు దాతలకు చూపకుండా ఉండడం మరొక ముఖ్య విషయం. ఒక ఉపాధ్యాయుని జీతం నెలకు 20,000 రూపాయలు అయితే, ఒక గ్రాంటు నుండి 60 శాతం, మరొక దాని నుండి 40 శాతం, అనగా 12,000, 8,000 రూపాయలు చూపవచ్చు. రెండింటిలోనూ పూర్తి జీతం చూపితే అది లెక్కల దోషం మాత్రమే కాదు, దాతల నమ్మకాన్ని వమ్ము చేయడం.

భారతదేశంలో గమనించవలసిన నిబంధనలు

విదేశీ విరాళాలకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. దీని క్రింద నమోదు 5 సంవత్సరాలకు మాత్రమే చెల్లుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలలలోగా, అనగా డిసెంబరు 31లోగా, ఎఫ్‌సీ-4 నివేదిక ఇవ్వాలి. 2020 సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుండి 20 శాతానికి తగ్గించింది. ఈ సొమ్మును మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది.

కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారం వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. గ్రాంటు సొమ్ముపై బ్యాంకులో వచ్చిన వడ్డీని కూడా ప్రభుత్వానికి జమచేయాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో పథకాలు అమలు చేసే సంస్థలు 2021 ఏప్రిల్ 1 నుండి సీఎస్ఆర్-1 పత్రం ద్వారా నమోదు కావాలి. ఈ తేదీలలో ఏ ఒక్కటి తప్పినా తరువాతి గ్రాంటుకు చిక్కు రావచ్చు. అందుచేత నమోదుల గడువులను కూడా దరఖాస్తులతో పాటు ఒకే పట్టికలో ఉంచడం మంచిది.

తెలుగులో దరఖాస్తులు

పాత డీటీపీ ఖతులలో టైపు చేసిన తెలుగు వెబ్‌సైటులో అతికించినపుడు అర్థం లేని గుర్తులుగా మారుతుంది. కావున మూలప్రతిని యూనికోడ్‌లోనే ఉంచుకోవాలి. అక్షరాల పరిమితి విషయంలోనూ జాగ్రత్త అవసరం. "క్ష్మి" కంటికి ఒకే అక్షరం, కాని యూనికోడ్‌లో 6 సంకేతాలు. సంకేతాలను లెక్కించే వెబ్‌సైటులో 1,000 అక్షరాల గడిలో పట్టే తెలుగు, చేతితో లెక్కించినదాని కంటే బాగా తక్కువ.

పరిమితులు

సాఫ్టువేరు గడువును గుర్తుచేయగలదు కాని, పని జరగనిచోట నివేదిక పుట్టించలేదు. దాత వెబ్‌సైటు ఖాతా ఒక ఉద్యోగి సొంత ఈమెయిలు మీద, ఫోను మీద ఉంటే, ఆ వ్యక్తి ఉద్యోగం మానిన రోజున సంస్థకు తన దరఖాస్తే అందకుండా పోవచ్చు. ఖాతాలు సంస్థ పేరు మీద ఉండడం, కనీసం ఇద్దరికి ప్రవేశం ఉండడం అవసరం. చందా ఆగిపోతే సమాచారం పోకుండా అప్పుడప్పుడు నకలు దించి పెట్టుకోవాలి. లబ్ధిదారుల పేర్లు, ఆరోగ్య వివరాలు అందరికీ కనిపించకుండా అనుమతులు నిర్ణయించాలి. ఏడాదికి రెండు మూడు దరఖాస్తులు మాత్రమే పంపే చిన్న సంస్థకు ఖరీదైన సాఫ్టువేరు కంటే, ఒకరు బాధ్యతగా నింపే సామాన్య స్ప్రెడ్‌షీటు చాలు.