గడప దాటని పిల్లికి టీకా ఎందుకు?

“మా పిల్లి గడప దాటదండీ, దానికి టీకాలెందుకు?” పశువైద్యులకు ఈ ప్రశ్న కొత్త కాదు. మూడో అంతస్తులో ఫ్లాటు, కిటికీలకు మెష్, పిల్లి లోకమంతా సోఫాకూ వంటింటికీ మధ్యే. అలా అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే గడప దాటేది పిల్లి కాదు, మనం. మన చెప్పులు, బట్టలు, కూరగాయల సంచి రోజూ వీధిలోకి వెళ్లి వస్తూనే ఉంటాయి.

పిల్లి టీకా గురిపెట్టే మూడు జబ్బుల్లో పాన్‌ల్యూకోపీనియానే తీసుకోండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్‌కు దీని వైరస్ దగ్గరి చుట్టం. జబ్బు పిల్లి మలంతో బయటపడిందంటే నెలల తరబడి, అనుకూలిస్తే ఏడాది దాకా కూడా చావదు. మెట్ల కింద వీధిపిల్లి వదిలినదాన్ని తొక్కిన చెప్పు చాలు, ఇంట్లోకి రావడానికి. సోకిన కూన నీళ్ల గిన్నె ముందు తల వేలాడేసి కూర్చుంటుంది, తాగదు. జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. టీకా పడని కూనలు దీన్నుంచి బయటపడటం కష్టం. ఈ వైరస్ బ్లీచింగ్ ద్రావణానికి లొంగుతుంది గాని మామూలు ఫినాయిల్‌ను లెక్కచేయదు. ఫినాయిల్ పిల్లికే ప్రమాదం కూడా, పిల్లి ఉన్న ఇంట్లో దాన్ని మానేయడమే మంచిది.

మిగతా రెండు, హెర్పిస్, కాలిసి వైరస్‌లు. ముక్కు కారడం, కళ్లు పుసులు కట్టడం, నాలుక మీద పుళ్లు వీటి లక్షణాలు. హెర్పిస్ ఒకసారి సోకితే ఒంట్లోనే ఉండిపోతుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లిని తెచ్చినా ఆ బెదురుకు తిరగబెడుతుంది. టీకా ఈ రెండింటినీ పూర్తిగా ఆపలేదు, తీవ్రతను బాగా తగ్గిస్తుంది. మూడు జబ్బులకూ కలిపి ఒకే ఇంజెక్షన్ ఉంది. మన ఊళ్లలో డాక్టర్లు ట్రైక్యాట్ అనో, ఫెలిజెన్ అనో స్టిక్కరు అంటించి ఇచ్చేది అదే.

కూనకు ఒక డోసు వేయించి “అయిపోయింది” అనుకునేవాళ్లు చాలామంది. అసలు చిక్కంతా ఇక్కడే. తల్లి ముర్రుపాలతో కూనకు కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణే టీకాను కూడా పని చేయనివ్వదు. అది ఒక కూనలో ఎనిమిదో వారానికే తగ్గిపోతుంది, మరో కూనలో పద్నాలుగో వారం దాటినా ఉంటుంది. ఏ కూనలో ఎప్పుడు తగ్గుతుందో చూసి చెప్పలేం. అందుకే 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 3-4 వారాలకొకసారి, కనీసం 16 వారాల వయసు వచ్చేదాకా వేస్తూ పోతారు. వాటిలో ఏదో ఒకటి సరైన సమయానికి పడుతుందని లెక్క. చివరిది ఎగ్గొడితే ముందు వేసినవన్నీ వృథా కావచ్చు. ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది వయసులోపు బూస్టరు. పెద్దయ్యాక, ఇంట్లోనే ఉండే పిల్లికి ఈ మూడింటి టీకా మూడేళ్లకోసారి చాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. మన దగ్గర ఏటా వేసే అలవాటే ఎక్కువ. మీ పిల్లికి ఏది తగునో డాక్టరును అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

రేబీస్ టీకా విషయంలో మాత్రం బేరం లేదు. మూడు నెలలు నిండాక ఒకటి, ఏడాదికి మరొకటి, ఆపై డాక్టరు చెప్పినట్టు. తలుపు తీసి ఉన్న ఒక్క నిమిషంలో పిల్లి మెట్లు దిగిపోతుంది, కిందనేమో వీధికుక్కలు. టీకా వేసిన పిల్లయినా సరే, మిమ్మల్ని కరిచినా గీరినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం పూయకూడదు.

ఇక తామర. దీనికి నమ్మదగ్గ టీకా లేదు, కాబట్టి టీకాలన్నీ వేయించిన పిల్లికీ రావచ్చు. పిల్లుల్లో ఎక్కువగా మైక్రోస్పోరమ్ కేనిస్ అనే ఫంగస్ వల్ల వస్తుంది. చెవి మీదో, మూతి దగ్గరో, ముందు కాళ్ల మీదో వెంట్రుకలు విరిగి గుండ్రంగా బోసి మచ్చ పడుతుంది, పైన పొట్టు లేస్తుంది. పర్షియన్ జాతి పిల్లుల్లో పైకి ఏమీ కనపడకుండానే బొచ్చులో ఉండిపోవడం కద్దు. అప్పుడు జాడ తెలిసేది పిల్లి మీద కాదు, దాన్ని ఎత్తుకున్న పిల్లవాడి మెడ మీద.

డాక్టరు గది చీకటి చేసి వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద చూస్తే, ఫంగస్ పట్టిన వెంట్రుకలు మొదలు దగ్గర పచ్చి ఆపిల్ రంగులో మెరుస్తాయి. పొట్టు, పూసిన మందు కూడా మెరుస్తాయి గాని ఆ రంగు వేరు. మెరవనంత మాత్రాన జబ్బు లేదని కాదు. అనుమానం ఉంటే కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్లంతా దువ్వి, దానికి అంటిన వెంట్రుకలను ల్యాబులో పెంచి చూస్తారు. ఫలితానికి రెండు మూడు వారాలు ఆగాలి.

అంత ఓపిక లేక మనం చేసే పని, మెడికల్ షాపులో మనుషులకిచ్చే ట్యూబు తెచ్చి పూయడం. ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఎరుపు, దురద తగ్గుతాయి, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతుంది. మనుషుల్లో మొండి తామరలు ఇంతగా పెరగడానికీ ఈ ట్యూబులు ఒక కారణం. పిల్లి విషయంలో ఇంకో ముప్పుంది. ఒంటికి ఏది పూసినా నాకేస్తుంది, చాలా మందుల్ని దాని కాలేయం విరిచేయలేదు. టీ ట్రీ ఆయిల్ వంటివి దానికి విషమే.

సరైన చికిత్స రెండు వైపుల నుంచీ జరగాలి. లోపలికి ఇట్రాకొనజోల్ లాంటి మందు, పిల్లి బరువును బట్టి, డాక్టరు రాసిన మోతాదులో. పైన మైకొనజోల్-క్లోర్‌హెక్సిడిన్ షాంపూతోనో, లైమ్ సల్ఫర్ నీళ్లతోనో వారానికి రెండుసార్లు ఒళ్లంతా తడపాలి. లైమ్ సల్ఫర్ కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, కాని బాగా పనిచేస్తుంది. ఒక్క మచ్చ మీదే మందు పెడితే సరిపోదు, ఫంగస్ బీజాలు బొచ్చంతా ఉంటాయి. బొచ్చు మళ్లీ మొలవగానే మందు ఆపేయకూడదు. పరీక్షలో ఫంగస్ లేదని తేలాకే ఆపాలి, దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఈలోగా పిల్లిని తేలిగ్గా కడుక్కోగలిగిన ఒక గదికి పరిమితం చేయండి. రాలిన బొచ్చును రోజూ తడిగుడ్డతో తుడిచేయండి, దుప్పట్లు విడిగా ఉతకండి. రాలిన వెంట్రుకల మీద బీజాలు నెలల తరబడి ఉంటాయి. ఇంట్లో రెండో పిల్లి, కుక్క ఉంటే వాటినీ చూపించండి. పిల్లల చర్మం మీద మచ్చ కనిపిస్తే చర్మవ్యాధి డాక్టరుకు ఇంట్లో పిల్లి ఉందని తప్పకుండా చెప్పండి.

ఖర్చుకు వెనకాడేవాళ్లకు ఒక మాట. ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబీస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. ముందు రోజే మీ దగ్గరి ఆసుపత్రిలో కనుక్కోండి. పిల్లిని చేతుల్లో ఎత్తుకుని వెళ్లొద్దు, మూత ఉన్న బుట్టలో పెట్టి తీసుకెళ్లండి. అక్కడ క్యూలో కుక్కలు కూడా ఉంటాయి.