గుండెజబ్బు - శాసనసభల కర్తవ్యము

ప్రజారోగ్యమును, వైద్యశాలలను మన రాజ్యాంగము రాష్ట్రముల జాబితాలోనే చేర్చియున్నది. కనుక పౌరుని గుండె అకాలమున ఆగిపోయినచో, రాష్ట్ర శాసనసభ తనకు సంబంధము లేదనుటకు వీలులేదు.

2007వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ పథకము వెలసినది. పేదవాడు గుండెకు శస్త్రచికిత్స చేయించుకొనుటకు పొలము పుట్ర అమ్ముకొనవలసిన దుర్గతిని అది చాలవరకు తప్పించినది. ఆ మేలును మఱచుట కృతఘ్నత. కాని చెరువుకు గండి పడిన పిమ్మట పూడ్చుట యొకటి. వానలకు ముందే కట్టను బలపఱచుట వేఱొకటి. మన ప్రభుత్వములు మొదటిదానియందు చూపిన శ్రద్ధలో సగమైనను రెండవదానియందు చూపవలసియున్నది.

కట్టను బలపఱచిన వారు లేకపోలేదు. ఫిన్లాండు తూర్పుసరిహద్దున ఉత్తర కరేలియా యను సీమ కలదు. అడవులును, పాడియు అచ్చటి జీవనాధారములు. వెన్న, ఉప్పు, పొగాకు వారి నిత్యజీవితమున పెనవేసికొని యుండెను. నడివయస్సు పురుషులు గుండెజబ్బుచే విశేషముగా మరణించుచుండిరి. 1971లో ఆ సీమ ప్రతినిధులు తమ్ము కాపాడుడని ప్రభుత్వమునకు విజ్ఞాపనపత్రము సమర్పించిరి. మఱుసటి సంవత్సరమే పెక్కా పుస్కా యను యువవైద్యుని నాయకత్వమున పని ఆరంభమైనది. గృహిణుల సంఘములు క్రొత్త వంటలు నేర్పినవి. కొందఱు పాడిరైతులు పండ్లతోటలకు మరలునట్లు ప్రభుత్వము తోడ్పడెను. 1976లో పొగాకు ప్రకటనలను నిషేధించు శాసనమును, 1993లో ఉప్పు హెచ్చైన ఆహారపు పొట్లములపై హెచ్చరిక ముద్రింపవలెనను నియమమును వచ్చినవి. నలుబది యేండ్లలో అచ్చటి నడివయస్సు పురుషులలో ఈ మరణములు నూటికి 80 వంతులు తగ్గెను. మొదట ప్రజలు అడిగిరి. పిమ్మట ప్రభుత్వము కదలెను. ఇదియే మనము గ్రహింపవలసిన నీతి.

ఉప్పు తగ్గింపుమని రోగికి ఉపదేశించుట సులభము. దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కాని అంగడి పొట్లములోని ఉప్పును, మిఠాయిలోని కొవ్వును కొనువాడు ఏ త్రాసున తూచును? నూనెలలోను, వనస్పతిలోను ట్రాన్సుకొవ్వు నూటికి 2 పాళ్లు మించరాదను నియమము 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. దానిని అంగళ్లలో పరీక్షింపవలసిన తనిఖీ అధికారులు రాష్ట్రప్రభుత్వమువారే. పాఠశాలకు నూఱు గజములలోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము శాసించుచున్నది. ఆ గజములను కొలుచువా రెందఱు?

రక్తపుపోటును గ్రామవైద్యశాలలోనే కొలిచి, మాత్రలను క్రమముగా ఉచితముగా నిచ్చు కార్యక్రమము 2017లో ఐదు రాష్ట్రములలో ఆరంభమైనది, తెలంగాణము అందొకటి. కావున ఇది మనకు తెలియని విద్య కాదు.

పొగాకు తగ్గినచో ప్రకాశం మండలపు రైతు గతి యేమి యను ప్రశ్న న్యాయమైనదే. కరేలియా పాడిరైతునకు అందిన చేయూత మన రైతునకును అందవలెను.

శాసనసభ్యులు మన గ్రామములకు వచ్చినపుడు రోడ్లను గుఱించి అడుగుచున్నాము, కాలువలను గుఱించి అడుగుచున్నాము. ఇకమీదట మఱి మూడు ప్రశ్నలను చేర్చుదము: గ్రామవైద్యశాలలో రక్తపుపోటు మాత్రలు ఏడాది పొడవున ఉన్నవా? అంగడి నూనెల పరీక్షాఫలితములను ప్రకటించుచున్నారా? బడి భోజనమున ఉప్పును కొలిచి వేయుచున్నారా? అడుగనిదే అమ్మయైనను పెట్టదు. అడుగుట మన హక్కు. సమాధానము చెప్పుట వారి విధి.